ఆమె వరసేమిటి?

తుఫాను షెల్టరులో చాపలు పరుచుకుని కూచున్నాం. నెల్లూరు తీరంలో, మైపాడుకు ఉత్తరాన ఉన్న ఒక పట్టపుపాళెం అది. ల్యాప్‌టాప్ ముందు కూచున్న అమ్మాయి ఒక్కొక్కరి పేరూ అడిగి ఎక్కిస్తోంది. ఈ జిల్లా పిల్లే. ఇంజనీరింగ్ చదివి, చెన్నైలో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, స్త్రీల బృందాల కోసం ఈ పని తక్కువ డబ్బుకే ఒప్పుకుంది. అరవై దాటిన ఒక పెద్దామె, బతుకంతా గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషి, తెర వైపు వంగి "నన్ను యాడ రాసినావమ్మా?" అని అడిగింది. "ఇదిగో అవ్వా, మీ అబ్బాయి కుటుంబంలో" అని వేలు పెట్టి చూపించింది అమ్మాయి. "వాడి కిందనా? వాణ్ణి కన్నది నేను గదా! వాడి కింద నన్నెందుకు రాసినావు?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ పట్టికల నమూనా ఒప్పుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను. కుటుంబంలో స్త్రీ స్థానం గురించి సిద్ధాంత గ్రంథం రాసి, ఇరవై ఏళ్లుగా అదే పాఠం చెబుతూ, చివరికి నేను దగ్గరుండి చేయించిన పట్టికలో కూడా ఆమెను కొడుకు కింది గడిలోనే కూచోబెట్టాను.

తెలుగులో వరస అనే మాటకు రెండర్థాలున్నాయి. పట్టికలో ఒకరికి కేటాయించిన అడ్డువరస ఒకటి, బంధుత్వం రెండోది. ఊళ్లోకి కొత్తగా వచ్చిన ఆడమనిషిని మనం మొదట అడిగేది పేరు కాదు. ఎవరి తాలూకు, ఏం వరసవుతావు అని. కూతురు, కోడలు, భార్య, తల్లి, అత్త. ఈ రెండో రకం వరసలు ఆమెకు బోలెడున్నాయి. మొదటి రకం వరస ఒక్కటైనా ఆమె పేరు మీద ఉందా? ఇది కంప్యూటరు వాళ్లు చూసుకునే విషయమని పక్కన పెడుతూ మన సంస్థలు చేస్తున్న పొరపాటు చిన్నది కాదని నాకు ఈ ఏడాది పనిలో అర్థమయింది. ఆ అనుభవం మీతో పంచుకోవాలనే ఇది రాస్తున్నాను.

తీరంలో పనిచేసే నాలుగైదు బృందాలు కలిసి, సభ్యుల వివరాలు, పెట్టుకున్న దరఖాస్తులు, వచ్చిన ఫిర్యాదులు అన్నీ ఒక్కచోట ఉండేలా ఒక వెబ్ అప్లికేషన్ చేయించుకుందామనుకున్నాయి. అప్పటిదాకా ఉన్నవి నోటు పుస్తకాలు, కొన్ని ఎక్సెల్ షీట్లు. ఒకే మనిషి మూడు షీట్లలో మూడు రకాలుగా ఉండేది. ఒకదానిలో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదానిలో అత్తింటి ఇంటిపేరు, మూడోదానిలో ఊళ్లో అందరూ పిలిచే ముద్దుపేరు. నా పింఛను అర్జీ ఏమయిందమ్మా అని ఆమె వచ్చి అడిగితే, ఆమెను కాగితాల్లో వెతికిపట్టుకోవడానికే అరగంట పట్టేది. ఈ అవస్థకు మందు రిలేషనల్ డేటాబేస్ అని అమ్మాయి చెప్పింది. మాటలోనే సంబంధం ఉంది కదా, మనకు నప్పుతుందిలే అనుకున్నాం.

అసలు దీని సూత్రం కష్టమైనది కాదు. ఐబిఎం కంపెనీ శాన్‌హోసే పరిశోధనశాలలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ అనే గణితవేత్త 1970 జూన్‌లో ప్రచురించిన ఒక వ్యాసం దీనికి మూలం. ఆ పద్ధతిలో నడిచే నియమం మన మాటల్లో చెప్పాలంటే ఇంతే: ఒక విషయాన్ని ఒక్కచోటే రాయండి, మిగతా చోట్ల దాని గుర్తు మాత్రం పెట్టండి. నెల్లూరు వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అదే 1970లో కందుకూరు ప్రాంతాన్ని మన జిల్లా నుంచి తీసి కొత్తగా పుట్టిన ఒంగోలు జిల్లాలో కలిపారు. దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. 2008లో నెల్లూరు జిల్లా పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న కందుకూరు తిరిగి నెల్లూరుకు వచ్చింది, గూడూరు, సూళ్లూరుపేట వైపంతా తిరుపతి జిల్లాకు పోయింది. వాకాడు మండలం తూపిలిపాళెంలో చేపలెండబెట్టే ఆమె ఇసకలో అడుగు కదపకుండానే జిల్లా మారిపోయింది. ప్రతి మనిషి పేరు పక్కనా జిల్లా పేరు రాసుకుంటే ఇలాంటి మార్పు వచ్చినప్పుడల్లా వేల గడులు దిద్దాలి, అందులో సగం మరిచిపోతాం. అలాకాక జిల్లాలకొక పట్టిక, మండలాలకొకటి, ఊళ్లకొకటి, మనుషులకొకటి పెట్టుకుని, మనిషి పక్కన ఊరి గుర్తు, ఊరి పక్కన మండలం గుర్తు, మండలం పక్కన జిల్లా గుర్తు ఉంచితే, ఆ కొద్ది మండలాల దగ్గర దిద్దితే చాలు. ఒక వరసను మరో వరసతో పొరబడకుండా ఇచ్చే గుర్తును ప్రైమరీ కీ అంటారు. అదే గుర్తు ఇంకో పట్టికలోకి వెళ్లి కూచుంటే దాన్ని ఫారిన్ కీ అంటారు. మన దృష్టిలో చెప్పాలంటే మొదటిది సొంత గుర్తింపు, రెండోది ఇంకొకరి ద్వారా వచ్చే గుర్తింపు. ఈ తేడా మనకు కొత్తది కాదు.

(ఈ రంగాన్ని మగవాళ్ల చరిత్రగానే చెబుతారు కాబట్టి ఒక మాట. అడిగిన ప్రశ్నకు అన్ని పట్టికల్లోంచీ తక్కువ శ్రమతో జవాబు వెతికే దారిని యంత్రమే ఎంచుకునే పద్ధతి ఐబిఎంలోనే పాట్రీషియా సెలింజర్ నాయకత్వంలో 1979లో రూపుదిద్దుకుంది. ఈనాటికీ ఆ పునాది మీదే పని సాగుతోంది. మరోవైపు, లోకమంతా వాడుతున్న మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌కు దాన్ని తయారుచేసినాయన కూతురు 'మై' పేరు, దాని నుంచి పుట్టిన మరియాడీబీకి చిన్న కూతురు పేరు పెట్టారు. కూతుళ్ల పేర్లు అక్కడ బాగానే నిలిచాయి.)

మా మొదటి నమూనాకు వస్తాను. 'కుటుంబం' అనే పట్టికలో ఇంటికొక వరస. అందులో కుటుంబ పెద్ద పేరు, ఫోన్ నంబరు, ఊరు. 'సభ్యులు' అనే పట్టికలో మిగతావాళ్లు, ప్రతివారి పక్కనా కుటుంబ పెద్దతో బంధుత్వం. అమ్మాయి దీన్ని ఎక్కడి నుంచో కక్షగట్టి తేలేదు. రేషన్ కార్డు అట్లాగే ఉంటుంది, జనాభా లెక్కల ఫారం అట్లాగే ఉంటుంది, మా సర్వేల ప్రశ్నావళులూ అట్లాగే ఉంటాయి. నమూనా సరిగా పనిచేస్తోందా అని చూడడానికి ఊహించి రాసిన పేర్లతో పరీక్ష పెట్టాం. ఒక ఇంటి పెద్ద సముద్రంలో పోయాడనుకుని అతని వరస తీసేయమన్నాం. తీసేసింది. ఆ వెంటనే అతని భార్య, ఇద్దరు పిల్లలు, వాళ్ల దరఖాస్తులు కూడా తెర మీద నుంచి మాయమయ్యాయి. ఏమయిందమ్మా అంటే, దీన్ని కాస్కేడ్ అంటారు మేడమ్, పై వరస పోతే దాని మీద ఆధారపడ్డ వరసలన్నీ పోతాయి, నేనే అలా పెట్టాను అంది. పక్కనున్న కార్యకర్త ఒకామె నెమ్మదిగా "సతీసహగమనం" అంది.

ఆ మాట తర్వాత ఆ రోజు పని సాగలేదు. ఇది పరీక్ష కాబట్టి సరిపోయింది. బయట ప్రభుత్వ పట్టికల్లో ఇదే తర్కం బతుకుల మీద నడుస్తోంది. చేపల వేటనే తీసుకోండి. దేశంలో వేట పడవల నమోదుకు రియల్‌క్రాఫ్ట్ అనే వెబ్ అప్లికేషన్ ఉంది. 2008 నవంబరు ముంబై దాడుల తర్వాత తీర రక్షణ కోసం పడవలన్నిటికీ ఒకే రకమైన నమోదు కావాలనుకుని ఎన్‌ఐసి చేత చేయించారు. అందులో వరస పడవది. పడవకొక నంబరు, దానికొక యజమాని. పడవలను లెక్కపెట్టడానికి అది సబబే. కానీ తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం వస్తుంది. ఆ రోజులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో పది వేలు, 2025లో ఇరవై వేలు అయింది. అది ఎవరికి? పడవ మీద వేటకు పోయేవాళ్లకు. పడవను పట్టుకుని మనిషిని చేరుకునే లెక్క ఇది. ఒడ్డున వేలంలో చేపలు కొని మైపాడు రోడ్డంట, కావలి సందుల్లో అమ్ముకునే ఆడమనిషికి, నెత్తళ్లు ఇసకలో ఆరబోసే ఆడమనిషికి ఆ 61 రోజులూ చేపే ఉండదు. వేట ఆగితే ఆమె పనీ ఆగుతుంది. కానీ ఆమె పడవెక్కదు కనక ఏ పడవ వరసకూ ఆమె తగలదు. ఆమెకు వ్యతిరేకంగా ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు. ఆమె కోసం పట్టికే వేయలేదు, అంతే.

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పటికప్పుడు జరిపే గణనల్లో అమ్మడం, ఎండబెట్టడం, ఒలవడం చేసే స్త్రీలను విడిగా లెక్కిస్తారు. ఆ మేరకు మంచిదే. అయితే అది లెక్క, హక్కు కాదు. గణన పట్టికకూ భృతి పట్టికకూ మధ్య ఏ కీ లేదు.

ఇంక కుటుంబం సంగతి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ఇళ్లన్నిటినీ మ్యాపింగు చేశారు. ఎవరు ఏ ఇంట్లో అని అందులో ఒకసారి పడితే, పథకాల అర్హత ఆ ఇంటిని బట్టే తేల్చారు. ఇంట్లో ఎవరి పేరునో ఉన్న భూమి, నెలకు 300 యూనిట్లు దాటే కరెంటు, ఒకరి నాలుగు చక్రాల బండి, ఒకరి ప్రభుత్వ ఉద్యోగం, ఒకరి ఆదాయపు పన్ను, వీటిలో ఏదైనా ఇంటిల్లిపాదికీ అడ్డం. మొగుడు కొట్టి తరిమేస్తే పుట్టింట్లో తలదాచుకున్న ఒకామె మ్యాపింగులో మాత్రం అత్తగారింట్లోనే ఉండిపోయింది. విడాకుల కాగితం లేదు, దానికి ఏళ్లు పడుతుంది. ఆమె మొగుడు కారు కొన్నాడు. ఆ కారు ఆమెకు ఎక్కడానికి పనికిరాలేదు గానీ ఆమెకు రావలసిన పథకం ఆపడానికి పనికొచ్చింది. 2013 ఆహార భద్రత చట్టం 13వ సెక్షన్ ప్రకారం రేషన్ కార్డు విషయంలో ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దామె కుటుంబ పెద్ద. మనం చేసిన పోరాటాలకు అది ఫలితమే, కాదనను. కానీ తలకాయ మారింది, పట్టిక మారలేదు. అత్త పేరు పైకెళ్లింది, కోడలు మునుపు ఉన్న గడిలోనే ఉంది.

ఒక్కచోట మాత్రం స్త్రీకి తనదైన వరస ఎప్పుడో వచ్చేసింది. పొదుపు సంఘం లెక్కల్లో. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఇదే జిల్లాలో ఊపందుకున్న పొదుపులో ప్రతి సభ్యురాలికీ తన పేరు, తన ఖాతా, తన అప్పు, తన కిస్తీ ఉన్నాయి. అక్కడ ఆమెను ఎవరి కిందా రాయరు. అప్పు తీర్చాల్సిన దగ్గర ఆమె పూర్తి వ్యక్తి, హక్కు రావాల్సిన దగ్గర సభ్యురాలు. ఈ వైరుధ్యం నాకు తెలియనిది కాదు. అయినా తెర మీద రెండు పట్టికలు పక్కపక్కన చూసినప్పుడు తగిలినంత గట్టిగా పుస్తకాల్లో చదివినప్పుడు తగల్లేదు.

నమూనా మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మొదటి పట్టిక 'వ్యక్తి'. ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఒక్కొక్కరికి ఒక వరస, ఒక సొంత కీ. ఇల్లు వేరే పట్టిక. ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారన్నది మూడో పట్టిక, అందులో ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు అని రెండు గడులు. పెళ్లి కూడా అంతే. పెళ్లిని ఆమె పేరు పక్కన ఒక లక్షణంగా, రంగూ ఎత్తూ రాసినట్టు రాయడం మానేశాం. అది ఇద్దరు వ్యక్తుల మధ్య సంబంధం. దానికి మొదలైన తేదీ ఉంటుంది, ముగిసిన తేదీ ఉండవచ్చు. అతను చనిపోతే సంబంధం వరసలో ముగింపు తేదీ పడుతుంది, ఆమె వరస కదలదు. ఆమె అతని ఇల్లు విడిచి వస్తే నివాసం పట్టికలో పాత వరసకు ముగింపు, కొత్త ఇంటితో ఇంకో వరస. దేన్నీ తుడిచేయం. నాలుగేళ్ల తర్వాత మనోవర్తి కేసులో ఆమె ఎప్పటి నుంచి విడిగా ఉంటోందని అడిగితే తేదీ ఉంటుంది. అమ్మాయి దీన్ని రెండు రోజుల్లో చేసేసింది. రిలేషనల్ పద్ధతికి ఇదే సహజం మేడమ్, మొదట అడిగుంటే మొదటే చేసేదాన్ని అంది. అడగాల్సింది మేమే.

భర్త లేదా తండ్రి పేరు అనే గడి గురించి పెద్ద వాదనే జరిగింది. డేటాబేస్‌లో ఏ గడినైనా ఖాళీగా వదలకూడదని కట్టడి పెట్టవచ్చు. ఆ కట్టడి ఉంటే అది నింపేదాకా ఫారం ముందుకు పోదు. మన దేశంలో ఒంటరి తల్లులు ఆఫీసుల్లో పడ్డ అవమానాల్లో చాలా భాగం ఈ ఒక్క కట్టడి లోంచి వచ్చిందే. గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు 1999లో తల్లి కూడా సహజ సంరక్షకురాలేనని చెప్పింది. పాస్‌పోర్టుకు తల్లి, తండ్రి ఇద్దరిలో ఒకరి పేరు చాలని 2016 డిసెంబరులో మార్చారు. తల్లే పెంచిన వాళ్లకు పాన్ కార్డు ఫారంలో తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018 డిసెంబరు నుంచి నియమం వచ్చింది. ఇంత కొట్లాటా ఒక గడిని ఖాళీగా వదిలే హక్కు కోసమే. అందుకని మా దగ్గర ఆ గడే తీసేయాలని కొందరు, ప్రభుత్వ దరఖాస్తులకు అది అడుగుతారు కాబట్టి ఉంచాలని కొందరు. ఉంచాం, ఖాళీకి అనుమతి ఇచ్చి. ఖాళీ అంటే లేదు అని కాదు. తెలియదు, చెప్పలేదు, చెప్పనక్కరలేదు అనే మూడింటినీ డేటాబేస్ వాళ్లు 'నల్' అనే ఒక్క మాటలో పడేస్తారు. మాకు ఆ మూడింటి మధ్య తేడా ముఖ్యం. 'చెప్పడం ఇష్టం లేదు' అన్నదానికి విడిగా గుర్తు పెట్టించాం.

ప్రైమరీ కీగా ఆధార్ నంబరు పెట్టేద్దాం, మళ్లీ మళ్లీ వెతుక్కోనక్కరలేదు అని సలహా ఇచ్చిన మిత్రులున్నారు. నేను గట్టిగా వ్యతిరేకించాను. ఈ జిల్లాలో కాలువ గట్ల మీద, రొయ్యల చెరువుల కాపలా గుడిసెల్లో బతికే యానాది కుటుంబాల్లో పుట్టిన కాగితం లేక ఆధార్ లేనివాళ్లు, ఆధార్ లేక రేషన్ లేనివాళ్లు ఎందరినో చూశాం. ఆధారే కీ అయితే మన సాయం అందరికంటే ఎక్కువ కావలసిన మనిషికి మన పట్టికలో వరస పుట్టనే పుట్టదు. పైగా 2018 సెప్టెంబరు 26 తీర్పులో సుప్రీంకోర్టు ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను గుర్తింపుగా కోరడానికి వీలిచ్చిన సెక్షన్‌ను కొట్టేసింది. మా పట్టికలో కీ అర్థం లేని ఒక అంకె. యంత్రమే ఇస్తుంది. దానికి కులం తెలియదు, ఊరు తెలియదు, మొగుడు తెలియదు. అదే దాని సుగుణం.

ఫోన్ నంబరు గురించి మాత్రం నవ్వుతూ రాయలేను. ఇది మా బృందాల్లో జరిగింది కాదు, వేరే ఒకచోట నాకు దగ్గరగా తెలిసిన విషయం. కౌన్సెలింగ్ తేదీలను గుర్తుచేస్తూ యంత్రమే సందేశాలు పంపే ఏర్పాటు చేసుకున్నారు. మంచి ఉద్దేశమే. ఫోన్ నంబరు ఇంటి పట్టికలో ఉంది, మనిషి పట్టికలో కాదు. ఇంటికి ఉన్న ఒకే ఫోన్ ఎవరి జేబులో ఉంటుందో మనకు తెలుసు. "మీ ఫిర్యాదుపై సమావేశం ఈ గురువారం" అనే సందేశం ఆమె ఎవరి మీద ఫిర్యాదు చేసిందో అతనికే చేరింది. ఆ గురువారం ఆమె రాలేదు. తర్వాతి వారం ఆసుపత్రి నుంచి వచ్చింది. ఒక నంబరు ఏ పట్టికలో ఉండాలన్నది అంత చిన్న ప్రశ్న. ఇప్పుడు మా దగ్గర ఫోన్లకు వేరే పట్టిక ఉంది. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది, దానికి చేయవచ్చా, ఏ వేళ చేయవచ్చు, సందేశం పంపవచ్చా అనే గడులున్నాయి. సందేశం పంపవచ్చు అని ఆమె నోటితో చెప్పనంతవరకు జవాబు 'వద్దు' అనే ఉంటుంది.

ఫిర్యాదుల పట్టికకు వేరే తాళం. తన దగ్గరికి వచ్చిన కేసును కార్యకర్త చూడగలదు, పక్క ఊరి కార్యకర్త చూడలేదు. ఎవరు ఎప్పుడు తెరిచి చూశారో దానంతట అదే నమోదవుతుంది. నేను కేసు వివరాలు చూడలేను, పరిశోధకురాలిననే హోదా అక్కడ చెల్లదు. ఈ నియమం నేనే పెట్టమన్నాను, రెండుసార్లు నాకే చిరాకు తెప్పించింది. నిధులిచ్చే వాళ్లకు మొత్తాల అంకెలు మాత్రమే వెళతాయి. అందులోనూ ఒక జాగ్రత్త కావాలి. నలభై ఇళ్ల పాళెంలో, ఫలానా కులం, ఫలానా నెల, గృహహింస కేసులు: 1 అని నివేదికలో వేస్తే అది అంకె కాదు, ఆమె పేరే. అందుకే ఐదుకు తక్కువైన చోట అంకె చూపించకుండా పైమండలంతో కలిపేస్తాం. లైంగిక హింస వివరాలు వెబ్ అప్లికేషన్‌లో అసలు రాయడం లేదు. అవి కాగితం మీద, బీరువాలో.

ఇంత గొడవ మనకెందుకు, లెక్కించడమే రాజ్యం చేసే పని, దాని పరికరాన్ని మనం నెత్తికెత్తుకోవడమేమిటి అని మా చర్చల్లో ఒక సీనియర్ కార్యకర్త అడిగింది. ఆమె ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. నిధుల సంస్థలు లబ్ధిదారుల సంఖ్య అడగడం మొదలుపెట్టాక మన పని తీరే మారిపోయింది. మనుషుల కంటే ముందు గడులు కనిపిస్తున్నాయి. కానీ రాసుకోకుండా ఉంటే ఏమవుతుందో కూడా ఈ జిల్లాయే చెబుతుంది. 1992లో దూబగుంట నుంచి మొదలై జిల్లా అంతా సారా వేలాలను ఆపిన ఆడవాళ్లలో ఎందరి పేర్లు మన దగ్గరున్నాయి? రోశమ్మ పేరు చెబుతాం. తర్వాత? 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో సడలింపు, ఈ ప్రభుత్వ తేదీలన్నీ మనకు నోటికొచ్చు. పాళేల్లో రాత్రుళ్లు కాపలా కాసిన వాళ్ల జాబితా మాత్రం ఎక్కడా లేదు. అది మన వైఫల్యమే.

పల్లె ఆడవాళ్లకు ఈ పట్టికలు ఎక్కడ అర్థమవుతాయి అన్నవాళ్లకూ జవాబు అక్కడే ఉంది. 1991లో అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రి బడుల్లో కొత్తగా అక్షరాలు దిద్దిన వాళ్లే పాఠం చదివి, ఇది మా ఇంటి కథే కదా అని లేచారు. మేము ఖాళీ పట్టికలను పెద్ద చార్టు కాగితాల మీద గీసి ఐదు ఊళ్లలో గోడలకు అంటించాం. ఏ గడి ఎందుకని అడగమన్నాం. 'కుటుంబ పెద్ద' గడి ఎందుకని ఐదు ఊళ్లలోనూ అడిగారు. 'పిల్లల సంఖ్య' దగ్గర ఒకామె, పోయిన పిల్లల్ని కలిపా, కలపకనా అంది. ఆ గడి నిశ్శబ్దంగా రెండయింది.

డబ్బు విషయానికొస్తే, మేము వాడుతున్న పోస్ట్‌గ్రెస్ ఉచితం, లైసెన్సు రుసుము లేదు. ఖర్చల్లా సర్వరు అద్దె, అమ్మాయి జీతం. సంస్థలు రెండోదాన్ని ఎగ్గొట్టి మొదటిదే ఖర్చనుకుంటాయి. రోజూ బ్యాకప్ తీసి వేరే ఊళ్లో ఉంచుతాం. 2015 నవంబరు వరదలు, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను చూసిన జిల్లాలో ఎందుకని ఎవరూ అడగలేదు. నెలకోసారి ఆ కాపీని తెరిచి, పనిచేస్తోందని చూసి సంతకం పెట్టడం ఒక కార్యకర్త బాధ్యత. తెరవని బ్యాకప్‌ను నమ్మకూడదని మాకు ఒకసారి తెలిసొచ్చింది.

ఇప్పటికి తేలనిది 'పని' పట్టిక. ప్రభుత్వ ఫారాల్లో ఉన్నట్టు మత్స్యకారుడు, కూలీ, గృహిణి అని మూడు పేర్లతో మొదలుపెట్టాం. ఆడవాళ్లు కూచుని చెబుతుంటే అది పెరుగుతూ పోయింది. వేలం పాడేది, గంప మోసేది, ఇంటింటికీ తిరిగి అమ్మేది, రోడ్డు పక్కన కూచుని అమ్మేది, నెత్తళ్లు ఎండబెట్టేది, ఉప్పు పెట్టేది, రొయ్యలు ఒలిచేది, వల చిక్కు తీసేది, కాలువలో చేత్తో పీతలు పట్టేది, ఐసు కొట్టేది. ఒక్కామె ఒక్కరోజులో నాలుగు చేస్తుంది. కనక మనిషి పక్కన ఒక పని గడి సరిపోదు, మనిషికీ పనికీ మధ్య మరో పట్టిక కావాలి, దానికి నెలలు కావాలి. తుఫాను షెల్టరులో నన్ను నిలదీసిన అవ్వ పేరు పక్కన ఇప్పుడు తన సొంత వరస ఉంది. పనేమి రాయమంటావవ్వా అంటే, "చేపలమ్మేదని రాయి" అంది. కాసేపాగి, "ఇప్పుడు మోకాళ్లు నొప్పి, పోవడంల్యా. అయినా అదే రాయి" అంది. పని గడిలో ముగింపు తేదీ పెట్టాలా వద్దా అని అమ్మాయి నా వైపు చూసింది. వచ్చే నెల సమావేశంలో అడగాలని రాసుకున్నాం.